అమ్మమ్మగారింటి ఉయ్యాల బల్లను ఫ్లాటు పైకప్పుకు వేలాడదీయవచ్చా?

తెనాలి_తేజం
తెనాలి దగ్గరి మా అమ్మమ్మగారి ఇంటిని పోయిన నెల పడగొట్టారు. ఆ ఇంటి నడవాలో అరవై ఏళ్లకు పైగా ఊగిన టేకు ఉయ్యాల బల్ల మా వాటాకు వచ్చింది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న ఆ బల్లను బండిలోకి ఎక్కించే ముందు కాటా మీద పెడితే 37 కిలోలు తూగింది. నాలుగు ఇత్తడి గొలుసులు కలిపి మరో 14 కిలోలు ఉన్నాయి. హైదరాబాదులో మేముండేది ఐదంతస్తుల అపార్టుమెంటులో మూడో అంతస్తు. హాలు పైకప్పుకు ఫాల్స్ సీలింగు ఉంది, దానికి రెండు ఫ్యాన్లు ఉన్నాయి.

గొలుసులు తగిలించడానికి పిలిచిన మనిషి హాలును ఒకసారి పైకి చూసి, ఫ్యాన్లు తీసేస్తే ఆ రెండు కొక్కేలే చాలునని, అవి వద్దనుకుంటే స్లాబులో రంధ్రాలు వేసి నాలుగు ఫాస్టెనర్లు (లోపల బిగుసుకునే బోల్టులు) కొట్టి అరగంటలో పని ముగిస్తానని చెప్పాడు. ఎంత బరువు ఆగుతుందని అడిగితే "ఏమీ కాదు సార్" అన్నాడే గానీ లెక్క చెప్పలేదు. మా అమ్మకు 68 ఏళ్లు. చిన్నతనంలో ఆ బల్ల మీద కూర్చునే ఎక్కాలు వల్లె వేసిందట. ఇప్పుడు మా పిల్లలిద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని ఊగాలని ఆమె కోరిక. ఆ మనిషి మాట మీద నమ్మకం ఉంచి అమ్మను దాని మీద కూర్చోబెట్టలేకపోతున్నాను. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

పాలకొల్లు_పచ్చిక
మా ఇంట్లో పన్నెండేళ్లుగా ఉయ్యాల బల్ల ఫ్యాను కొక్కేలకే ఊగుతోంది. ఇంతవరకు చిన్న పగులు కూడా రాలేదు. స్లాబులో పోసిన ఊచ ఎక్కడికీ పోదు. నిశ్చింతగా తగిలించుకోండి.

బీము_కాలమ్
తేజం గారూ, ఆ మనిషిని పంపించేసి మంచి పని చేశారు. పచ్చిక గారి ఇంటి సంగతి తరువాత మాట్లాడతాను, ముందు మీ బల్ల లెక్క చూద్దాం. నేను ఇరవై ఏళ్లుగా కట్టడాల డిజైను పనిలో ఉన్నాను.

ఫ్యాను బరువు నాలుగైదు కిలోలు. ఆ కొక్కేన్ని పెట్టింది దానికోసమే. మీ బల్లా గొలుసులూ కలిపి 51 కిలోలు, దాని మీద ముగ్గురు కూర్చుంటే మరో 200 అనుకుందాం, మొత్తం 250 కిలోలు. ఇది కదలకుండా ఉన్నప్పటి బరువు. ఉయ్యాల ఊగుతూ సరిగ్గా కిందికి వచ్చిన క్షణంలో గొలుసు మీద పడే లాగుడు అంతకంటే ఎక్కువ. 30 డిగ్రీల దాకా ఊగితే బరువుకు ఒకటింపావు రెట్లు, 45 డిగ్రీల దాకా ఊగితే సుమారు 1.6 రెట్లు, పిల్లలు పోటీపడి గొలుసు నేలకు సమాంతరమయ్యేదాకా ఊపితే మూడు రెట్లు లాగుతుంది. ఇక ఎవరైనా ఒక్కసారిగా చతికిలబడితే, ఎత్తు నుంచి దూకకపోయినా సరే, ఆ మనిషి బరువుకు రెట్టింపు లాగుడు ఆ క్షణంలో పడుతుంది.

నాలుగు గొలుసులున్నాయి కాబట్టి బరువు నాలుగు భాగాలవుతుందని కూడా అనుకోకండి. ఎగుడుదిగుడు నేల మీద పీట వేస్తే అది ఎదురెదురు మూలల కాళ్ల మీదే నిలబడి ఊగుతుంది గదా, గట్టి బల్లకు కట్టిన గొలుసులదీ అదే తీరు. ఒక గొలుసు వేలెడు పొడవుగా ఉన్నా బరువంతా రెండింటి మీదే పడుతుంది. అంటే ఒక్కో చోట 125 కిలోలు, దానికి ఊపు కలిపితే 200, చతికిలబడటం కలిపితే 250. ఒక్కో కొక్కెం 250 కిలోల పనిభారానికి తగ్గకూడదని నేను అంటాను. పనిభారమంటే తెగిపోయే బరువు కాదు, అందులో నాలుగో వంతో అయిదో వంతో.

నాలుగు ఫాస్టెనర్లు కొడతానన్న మాట గురించి కూడా చెప్పాలి. ఫాస్టెనరు పట్టు వదిలేటప్పుడు ఇనుము తెగడం అరుదు. దాని చుట్టూ ఉన్న కాంక్రీటు గరాటు ఆకారంలో ఊడి వస్తుంది. ఆ గరాటు వెడల్పు, ఫాస్టెనరు కాంక్రీటులోకి దిగిన లోతుకు మూడు రెట్లు ఉంటుంది. లోతు 80 మిల్లీమీటర్లయితే పక్కపక్క ఫాస్టెనర్ల మధ్య 240 మిల్లీమీటర్ల ఎడం ఉంటేనే దేని పట్టు దానిదవుతుంది. అరచేతంత ఇనుప పలకకు నాలుగు బోల్టులు వేస్తే చూడటానికి గట్టిగా కనిపిస్తుంది గానీ, ఆ నాలుగూ ఒకే గరాటును పంచుకుంటాయి. పైగా స్లాబు మధ్యభాగంలో అడుగువైపు ఎప్పుడూ సాగే వైపు, అక్కడ కంటికి కనిపించని సన్నని పగుళ్లు సహజం. పగిలిన కాంక్రీటులోనూ పట్టు ఉంటుందని తయారీదారు రాసిచ్చిన రకం కాకపోతే అక్కడ వాడకూడదు. ప్లాస్టిక్ రావల్ ప్లగ్గును మాత్రం మనిషి బరువు పడే ఏ పైకప్పుకూ దగ్గరికి రానీయకండి.

ఓరుగల్లు_ఓడ
ఉయ్యాల ఊగడం వల్ల స్లాబు మొత్తానికి ముప్పు ఉంటుందా, లేక కొక్కెం వరకేనా? మా ఇంట్లో అందరూ స్లాబు కూలుతుందని భయపెడుతున్నారు.

బీము_కాలమ్
ఓరుగల్లు ఓడ గారూ, నివాస గృహాల గదులకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక భారాన్ని లెక్కలోకి తీసుకోవాలని కట్టడాల భారాల గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. ఆ లెక్కన కట్టిన హాలు స్లాబు మొత్తం మీద ఉయ్యాల అదనపు బరువు పెద్దది కాదు. బరువంతా ఒకటి రెండు బిందువుల దగ్గర, అదీ పైనుంచి కాకుండా కిందికి లాగుతూ, రోజూ వందల సార్లు పడటమే ఇక్కడ చిక్కు. భయపడాల్సింది కొక్కెం గురించి, దాన్ని పట్టుకున్న జానెడు కాంక్రీటు గురించి.

పాలకొల్లు_పచ్చిక
లెక్కలు కాదనను. కానీ మా ఇల్లు 1998లో మా నాన్నగారు దగ్గరుండి పోయించారు. కొక్కేలకు 12 మిల్లీమీటర్ల ఊచ వాడించారు. కాగితం మీద లెక్కకూ, పన్నెండేళ్లుగా కళ్లెదుట ఊగుతున్నదానికీ తేడా లేదా? అందరూ ఇలా భయపడితే ఏ ఇంట్లోనూ ఉయ్యాల ఉండదు.

కరెంటు_తీగ
పచ్చిక గారూ, 22 ఏళ్లుగా ఇళ్లల్లో వైరింగు పని చేస్తున్నాను, ఫ్యాను పైనుండే గిన్నెలాంటి కప్పు దించి కొక్కెం చూడని రోజు దాదాపు లేదు. అందుకే ఈ మాట చెబుతున్నాను. స్లాబు పోసే ముందు ఫ్యాను బాక్సులో పెట్టే ఊచ రెండు రకాలుగా ఉంటుంది. మంచి మేస్త్రీ అయితే ఊచను పొడవుగా తీసుకుని, బాక్సు రెండు వైపులా బయటికి రప్పించి, స్లాబు కడ్డీల మీదుగా వేసి, కట్టుతీగతో కడతాడు. ఇంకో రకంలో బాక్సుకే ఒక పొట్టి ఊచ వెల్డు చేసి ఉంటుంది, అది కాంక్రీటులోకి బెత్తెడు కూడా పోదు. కింద నుంచి చూసేవాళ్లకు రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. స్లాబు పోసిన రోజు అక్కడ నిలబడి చూసినవాళ్లకు తప్ప ఏది ఏదో తెలియదు. మీ నాన్నగారు చూశారు కాబట్టి మీకు తెలుసు. తేజం గారికి తెలియదు, ఆ ఫ్లాటు కట్టిన ఎలక్ట్రీషియను ఈరోజు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

రెండో మాట. కొక్కెం తెగకముందు అరుగుతుంది. ఇనుప ఊచ మీద ఇనుప కడియం ఏళ్లతరబడి రాసుకుంటే, కడియం ఆనిన చోట ఊచకు గాడి పడుతుంది. ఒక ఇంట్లో ఉయ్యాల దించి చూస్తే 10 మిల్లీమీటర్ల ఊచ ఆ గాడి దగ్గర పెన్సిలు అంత సన్నబడి ఉంది. ఆ ఇంటి పెద్దాయన ముందురోజు దాకా దాని మీద మధ్యాహ్నం కునుకు తీశారు. మీరు ఈ వారంలో ఒకసారి నిచ్చెన వేసుకుని, కడియాన్ని పక్కకు జరిపి, ఊచ పైభాగాన్ని వేలితో తడిమి చూడండి. కింద నిలబడి చూస్తే ఆ గాడి కనిపించదు.

తేజం గారికి ఇంకో సంగతి. ఫ్యాను పాయింటు దగ్గర నుంచి కరెంటు పైపులు స్లాబు లోపలే గోడ వైపుకూ, పక్క పాయింట్లకూ పోతాయి. డ్రిల్లు బిట్టు ఆ పైపులో దిగితే వైరు తెగడమో, డ్రిల్లు పట్టుకున్నవాడికి షాకు తగలడమో జరుగుతుంది. రంధ్రం ఎక్కడైనా వేయాల్సి వస్తే మెయిన్ ఆపించి వేయించండి.

పాతమిద్దె
తేజం గారి అమ్మమ్మగారింట్లో ఆ బల్ల దేనికి వేలాడిందో ఒకసారి గుర్తు తెచ్చుకుంటే సగం జవాబు అక్కడే ఉంది. ఆ కాలపు ఇళ్లల్లో ఉయ్యాలను పైకప్పుకు కట్టేవారు కాదు, దూలానికి కట్టేవారు. మా కర్నూలు జిల్లా ఇంట్లో నడవా దూలం మా తాత చేతులు రెండూ చాచి కౌగిలించుకున్నా అందనంత లావు. దానికి నిలువునా బెజ్జం వేసి, పైనుంచి ఇనుప కడ్డీ దించి, దూలం పైన చేతి వెడల్పు ఇనుప బిళ్ల వేసి, మర బిగించి, కింద గుండ్రటి కొండీ తయారు చేశారు. బరువు పడినప్పుడు ఆ బిళ్ల దూలాన్ని పైనుంచి కిందికి నొక్కుతుంది, కొయ్యలోంచి ఏదీ ఊడి రావాల్సిన పని లేదు. వాసాలకు గానీ, పైన పరిచిన నాపరాళ్లకు గానీ ఎవరూ ఉయ్యాల కట్టలేదు, బండ ఎప్పుడు విరిగేదీ చెప్పదు.

పాత ఇళ్లు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. దూలం ఎంత లావుగా ఉన్నా దాని చివర్లు గోడలో దాగి ఉంటాయి. తేమ, చెదలు మొదట పట్టేది అక్కడే. సుత్తితో చిన్నగా కొట్టి చూడండి. గట్టి కొయ్య ఖంగుమంటుంది, లోపల తిన్న కొయ్య డొల్ల చప్పుడు చేస్తుంది. గోడలోకి పోయేచోట మేకు గుచ్చితే తేలిగ్గా దిగిందంటే ఉయ్యాల దించేయండి. మరో గుర్తు కూడా ఉంది. పాత పట్టణపు ఇళ్ల డాబాకు కింద నుంచి రంధ్రం వేస్తే ఎర్రటి పొడి రాలిందంటే అది కాంక్రీటు స్లాబు కాదు, కొయ్య దంతెల మీద సున్నంతో ఇటుక పేర్చి కట్టిన మద్రాసు టెర్రసు. అందులో ఏ ఫాస్టెనరూ నిలవదు. డ్రిల్లు అక్కడితో ఆపేయాలి.

చిన్నారి_అమ్మ
పెద్ద ఉయ్యాలల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి పసిపిల్లల ఉయ్యాల గురించి నా అనుభవం చెబుతాను. మా పాపకు బారసాల చేసిన రోజు కొత్త ఉయ్యాలను పడకగది ఫ్యాను కొక్కేనికి కట్టాం. కొక్కేనికీ ఉయ్యాల గొలుసుకూ మధ్య దుకాణంలో ఇచ్చిన ఎస్ ఆకారపు కొక్కెం ఒకటి పెట్టారు. నలభై రోజుల తరువాత ఒక సాయంత్రం ఊపుతుండగా ఆ ఎస్ విప్పుకుని ఉయ్యాల కింద పడింది. మా అత్తయ్య ముందుచూపుతో రోజూ కింద పరుపు వేసేవారు, ఉయ్యాల నేలకు అడుగెత్తులోనే ఉంది, పాపకు దెబ్బ తగలలేదు. నా చేతులు మాత్రం ఆ రాత్రంతా వణుకుతూనే ఉన్నాయి. తరువాత తీసి చూస్తే ఫ్యాను కొక్కెం చెక్కుచెదరలేదు, ఆ ఎస్ మాత్రం పాత హెయిర్ పిన్నులా తెరుచుకుని ఉంది. పైకప్పు ఎంత గట్టిదైనా మధ్యలో ఇలాంటిది ఒకటి ఉంటే చాలు. దయచేసి అమ్మలు ఒకసారి చూసుకోండి.

కమ్మరి_కొలిమి
చిన్నారి అమ్మ గారు చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం, నేను ఇనుప పని చేసేవాణ్ని. ఎస్ కొక్కేలను వంచేది సన్నని తీగతో, రెండు నోళ్లూ తెరిచే ఉంటాయి. వాటి బదులు మర ఉన్న డి షాకిలు (మరతో నోరు మూసుకునే డి ఆకారపు ఇనుప కడియం) వాడాలి, దాని మర తిరిగి ఊడకుండా చిన్న తీగతో కట్టాలి. తెరిచిన నోరు ఉన్న ఏ కొక్కెమూ మనిషి తల మీద ఉండకూడదు. పచ్చిక గారు చెప్పిన 12 మిల్లీమీటర్ల ఊచ తిన్నగా లాగితే రెండు టన్నులకు పైగా తట్టుకుంటుంది, ఆ మాట నిజమే. ఆ అంకె చూసే అందరూ ధైర్యపడతారు. అదే ఊచను కొక్కెంలా వంచితే లాగుడు దాని వంపును విప్పడానికి పనిచేస్తుంది, అప్పుడు ఆ రెండు టన్నుల లెక్క చెల్లదు. చుట్టూ మూసి అతుకు వేసిన కడియమే వాడాలి.

తేజం గారూ, నన్నడిగితే నేల మీద నిలబడే ఇనుప స్టాండు చేయించుకోండి. రెండు వైపులా ఇంగ్లీషు ‘ఏ’ అక్షరంలా కాళ్లు, పైన మందపాటి చదరపు గొట్టం. పైకప్పు సంగతే ఉండదు, ఇల్లు మారినా వెంట తీసుకుపోవచ్చు.

తెనాలి_తేజం
అందరి మాటలూ రెండుసార్లు చదివాను. స్టాండు ఆలోచన మాకూ వచ్చింది. అయితే ఆరడుగుల బల్లకు స్టాండు కాళ్లు చాచి నిలబడితే హాలులో నడిచే దారి మిగలడం లేదు, సుద్దతో గీసి చూశాం. అమ్మ మోకాళ్ల నొప్పులతో నడుస్తుంది, ఆ కాళ్లకు తట్టుకుని పడుతుందేమోనని భయంగా ఉంది. మా హాలుకు అడ్డంగా ఒక బీము ఉంది, ఫాల్స్ సీలింగులో కలిసిపోయింది. పాతమిద్దె గారు దూలం అనగానే నాకు ఆ బీము గుర్తొచ్చింది. దానికి కట్టవచ్చా?

డల్లాస్_డాబా
ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా చదువుతున్నారు కాబట్టి ఒక మాట. ఇక్కడి ఇళ్లకు స్లాబు ఉండదు. పైన కనిపించేది సన్నని జిప్సం పలక, దాని వెనుక కొయ్య జాయిస్టులు (అడ్డ దూలాలు) చాలాచోట్ల 16 అంగుళాలకు ఒకటి చొప్పున ఉంటాయి. జిప్సం పలకకు ఎలాంటి మర బిగించినా ఉయ్యాల నిలవదు. జాయిస్టు నడిమధ్యలో, ముందు సన్నని రంధ్రం వేసి లావుపాటి లాగ్ స్క్రూ దించాలి. ఇంకా మంచిది, రెండు జాయిస్టుల మధ్య అడ్డంగా దుంగ బిగించి దానికి వేలాడదీయడం. పై అంతస్తు గదుల్లో మాత్రం జాగ్రత్త. అక్కడ పైన ఉండేది చాలాసార్లు ఇంటికప్పును మోసే త్రికోణపు కొయ్య చట్రం (ట్రస్సు) అడుగు కొయ్య, దాన్ని మనుషులు ఊగడానికి లెక్కవేసి చేయరు. మా మిత్రుల ఇంట్లో బతుకమ్మ పండుగకు వచ్చిన చుట్టాల కోసం అలా కట్టబోతుంటే ఆపించి, వరండా బయట దుంగలతో చట్రం కట్టించాం.

బీము_కాలమ్
తేజం గారూ, ఆ అడ్డ బీము మీకు దొరికిన అదృష్టం. కానీ మూడు సంగతులు తెలుసుకోకుండా డ్రిల్లు ముట్టకండి.

మొదటిది, మీ భవనం స్లాబులు, బీములు మామూలు ఊచలతో పోసినవా, పోస్ట్ టెన్షన్ పద్ధతిలో పోసినవా అన్నది. పోస్ట్ టెన్షన్ అయితే కాంక్రీటు లోపల ఉక్కు తాళ్లను బిగలాగి ఉంచుతారు. ఒక తాడు తెగితే నష్టం మీ హాలుతో ఆగదు, దాని వల్ల మనుషులకు గాయాలు కూడా కావచ్చు. అలాంటి చోట రంధ్రం ఊసే వద్దు. మీ అపార్టుమెంటు సంఘం దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగులు ఉంటాయి, అడిగి తీసుకోండి.

రెండోది, బీము అడుగున రంధ్రం వేయకూడదు. బరువును మోసే ముఖ్యమైన ఊచలు అక్కడే ఉంటాయి. పక్కల నుంచి, ఎత్తులో నడిమికి దగ్గరగా, అడ్డంగా ఆరపార రంధ్రం వేసి బోల్టు దూర్చడం మంచి పద్ధతి. అడుగున చుట్టూ తిరిగి వచ్చే ఇనుప పట్టీ యూ ఆకారంలో బీమును పట్టుకుంటుంది, బోల్టు దాని రెండు చెవుల గుండా పోతుంది. అప్పుడు కాంక్రీటులోంచి ఊడి రావడమనే ప్రశ్నే రాదు. పాతమిద్దె గారి తాతగారి బిళ్ల చేసిన పనే ఈ పట్టీ చేస్తుంది. రంధ్రానికి ముందు ఊచలు, వాటి చుట్టూ కట్టే రింగులు ఎక్కడున్నాయో కనిపెట్టే యంత్రంతో చూసి గీతలు గీయించండి. స్తంభాలకు దగ్గరగా వద్దు.

మూడోది, ఉయ్యాల ఊగే దిశ. బల్ల పొడవు బీము వెంట ఉండాలి, అప్పుడు ఒక్కో చివర ముందు, వెనుక గొలుసులు రెండూ పైన ఒకే కడియంలో కలుస్తాయి. వెనుక గోడకు కనీసం మూడడుగుల ఎడం చూసుకోండి.

ఇవన్నీ చూసి ఒక ఇంజనీరు సంతకం పెట్టాకే పని మొదలుపెట్టండి. నేను ఇక్కడ కూర్చుని మీ బీమును చూడలేను.

విశాఖ_కెరటం
సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు ఇంకొకటి చూడాలి. మా ఇల్లు బీచి రోడ్డుకు దగ్గర. ఉప్పు గాలికి స్లాబు లోపలి ఊచలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, ఊచలను కప్పిన కింది కాంక్రీటు పొర పెచ్చులుగా రాలుతుంది. పైకప్పు మీద ఊచ దారిన సన్నని గోధుమరంగు గీత కనిపించిందంటే లోపల తుప్పు మొదలైందని అర్థం. అలాంటి చోట ఉయ్యాలే కాదు, షాండ్లియరు కూడా వేలాడదీయకండి. మేము మామూలు ఇనుప కడియం తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలుది పెట్టించాం.

బందరు_బాట
మా అబ్బాయి పంచింగు బ్యాగు కావాలంటున్నాడు, బరువు 30 కిలోలే. దానికి కూడా ఇంత అవసరమా?

బీము_కాలమ్
బందరు బాట గారూ, బ్యాగు బరువు కన్నా గుద్దు లెక్క ముఖ్యం. ప్రతి దెబ్బకూ కొక్కెం ఒక కుదుపు తింటుంది, ఫాస్టెనరు నట్టు కొంచెం కొంచెంగా వదులవుతుంది. నైలాన్ పట్టు ఉన్న నట్టు వాడండి, మధ్యలో స్ప్రింగు పెట్టండి. గోడకు బిగించే బ్రాకెట్టు దొరికితే అదే తీసుకోండి.

తెనాలి_తేజం
మూడు వారాల తరువాత వస్తున్నాను. సంఘం కార్యదర్శి డ్రాయింగులు ఇచ్చారు. మామూలు ఊచల కట్టడమే, స్లాబు 125 మిల్లీమీటర్లు, బీము 230 వెడల్పు, స్లాబుతో కలిపి 450 ఎత్తు. ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు ఇంటికి వచ్చి యంత్రంతో రింగులు గుర్తుపెట్టి, రెండు చోట్ల ఎక్కడ రంధ్రం వేయాలో పెన్సిలుతో గీసి, కాగితం మీద రాసి సంతకం పెట్టారు. ఫాల్స్ సీలింగు కోయించాం.

అప్పుడు ఒక సంగతి బయటపడింది. పని పట్టిన రోజే ఫ్యాను కొక్కేన్ని కూడా చూడమన్నాను. ఫ్యాను కప్పు దించి చూస్తే ఊచ 8 మిల్లీమీటర్లు. అది స్లాబు కడ్డీల మీదుగా పోయినది కాదు, బాక్సు అంచుకు వెల్డు చేసినది. ఒక వైపు వెల్డు సగం విడిపోయి, చేత్తో కదిపితే ఊచ కదులుతోంది. ఐదు కిలోల ఫ్యానుకు అది ఇన్నేళ్లు సరిపోయింది. ఆ రోజు ఆ మనిషి మాట విని అమ్మనూ పిల్లలనూ అక్కడ కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను. ఆ ఫ్యానునూ మార్చి బిగించాం.

పట్టీలు వెల్డింగు షాపులో చేయించి 16 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించారు, నట్టు మీద నట్టు వేశారు. తరువాత బల్లను నేలకు అరడుగు ఎత్తులో కట్టి, కింద పాత పరుపులు పరిచి, 50 కిలోల సిమెంటు బస్తాలు ఎనిమిది దాని మీద పేర్చాం. 400 కిలోలు ఒక రాత్రీ ఒక పగలూ అలా ఉంచి, పట్టీ దగ్గర గీసిన పెన్సిలు గీత వెంట్రుకవాసి కూడా కదల్లేదని చూసుకున్నాకే బస్తాలు దించాం.

కరెంటు_తీగ
బస్తాలతో చూడటం చాలా మంచి పని. బస్తాలను ఒక్కొక్కటిగా పెట్టారు కదా? పైనుంచి పడేయకూడదు. ఆ 8 మిల్లీమీటర్ల ఊచ మాట చదివి నాకూ గుండె ఆగినంత పనైంది.

తెనాలి_తేజం
ఒక్కొక్కటిగానే, మూలలు మార్చుకుంటూ పెట్టాం. కింద ఎవరూ నిలబడలేదు.

కమ్మరి_కొలిమి
పట్టీల నట్లను నెల తరువాత ఒకసారి, ఆపై మూడు నెలలకోసారి పానాతో చూసుకోండి. ఇత్తడి గొలుసులు పాతవి కాబట్టి ఒక్కో లంకెనూ వెలుతురులో తిప్పి చూడండి. అతుకు దగ్గర నల్లటి వెంట్రుకలాంటి గీత ఉన్న లంకెను అలాగే వదలవద్దు. అరిగిన లంకెలు లంకెల మధ్య తగిలే చోటే సన్నబడతాయి.

తెనాలి_తేజం
చూశాం. 96 లంకెల్లో మూడు సన్నబడ్డాయి. కంచరి దగ్గర పాత ఇత్తడితోనే కొత్తవి పోయించాం. అమ్మ నిన్న సాయంత్రం కూర్చుంది. పిల్లలకు పదమూడో ఎక్కం అప్పజెప్పించుకుంది.

పాలకొల్లు_పచ్చిక
నేను ఇక్కడ మొదట రాసిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను. తేజం గారు రాసినది చదివాక, కరెంటు తీగ గారు చెప్పినట్టు నిచ్చెన ఎక్కి కడియం జరిపి వేలు పెట్టాను. వేలు గాడిలో పడింది. కొలిచి చూస్తే 12 మిల్లీమీటర్ల ఊచ అక్కడ 8 కూడా లేదు. రెండో కొక్కెం నోరు అంగుళం దాకా తెరుచుకుంది. నాన్నగారిని అడిగితే, ఆయన ఆ ఊచలు వేయించింది ఫ్యాన్ల కోసమేననీ, ఉయ్యాల అక్కడ కడతామని నేను తరువాత అనుకున్నాననీ చెప్పారు. ఇన్నాళ్లూ ఆయనే రోజూ మధ్యాహ్నం దాని మీద పడుకునేవారు. బల్ల ఈ ఉదయం దించేశాను. ఎవరైనా నా మొదటి మాట చూసి ధైర్యపడి ఉంటే దయచేసి మీ కొక్కెం ఈరోజే చూడండి.

బీము_కాలమ్ గారూ, మా హాలులోనూ బీము ఉంది, వెడల్పు తొమ్మిది అంగుళాలు. పట్టీకి ఎంత మందం ఇనుము, ఏ బోల్టు వాడాలో చెబితే ఇక్కడి వెల్డింగు షాపులో చేయిస్తాను.

బీము_కాలమ్
పచ్చిక గారూ, మీరు నిచ్చెన ఎక్కినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. కొలతలు మాత్రం నేను ఇవ్వను, నొచ్చుకోకండి. తేజం గారి 16 మిల్లీమీటర్ల బోల్టు ఆయన బీముకు లెక్కకట్టినది. 1998 నాటి మీ బీములో రింగులు ఎంత దూరంలో వేశారో, కాంక్రీటు ఇప్పుడెలా ఉందో చూడకుండా అదే కొలత మీకు రాసివ్వడం తప్పు. భీమవరంలోనో రాజమండ్రిలోనో స్ట్రక్చరల్ ఇంజనీరు దొరుకుతారు, ఒక్కసారి ఇంటికి పిలిపించండి. మీ నాన్నగారు స్లాబు పోయించిన రోజు చూసినదంతా ఆయనకు చెప్పనివ్వండి, అది చాలా పనికొస్తుంది.

పాలకొల్లు_పచ్చిక
రేపు పొద్దున్నే ఫోను చేస్తాను. నాన్నగారు అప్పుడే కాగితం మీద బీము బొమ్మ గీయడం మొదలుపెట్టారు. అప్పటిదాకా బల్ల మంచం కిందే ఉంటుంది.